ఆఫ్‌రోడ్ వాహనానికి అదనపు దీపాలు: ఎంపిక నుంచి బిగింపు వరకు

విజయవాడ ఆటోనగర్‌లో అదనపు దీపాల కోసం ఏ దుకాణానికి వెళ్లినా మొదట వినిపించే ప్రశ్న "ఎన్ని వాట్లు కావాలండీ?" అన్నదే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడంతోనే ఎంపిక దారి తప్పుతుంది. వాట్లు దీపం ఎంత కరెంటు తింటుందో చెబుతాయి గాని, వెలుగును ఎటువైపు, ఎంత దూరం, ఎంత వెడల్పున పరుస్తుందో చెప్పవు. థార్ అయినా, జిమ్నీ అయినా, గూర్ఖా అయినా, పాత బొలెరో అయినా ముందుగా తేల్చుకోవలసినవి మూడు: రాత్రివేళ ఆ దారిలో మీరు నడిపే వేగం, ఆ దారి గాలిలో ఉండే దుమ్ము లేదా మంచు, దీపం బిగించబోయే ఎత్తు. ఈ మూడూ తేలితే, కృష్ణా గుంటూరు జిల్లాల మట్టిదారుల్లో తిరిగే చాలా బండ్లకు పైకప్పు మీద పొడవాటి లైట్ బార్ అక్కర లేదనీ, బంపరు ఎత్తులో వెడల్పుగా వెలుగు పరిచే ఒక జత పసుపు దీపాలతోనే ఎక్కువ పని జరుగుతుందనీ అర్థమవుతుంది.

మొదటి మెట్టు: దారినీ వేగాన్నీ కాగితం మీద పెట్టడం

మీ బండి రాత్రిపూట నిజంగా ఎక్కడ తిరుగుతుందో రాసుకోండి. కృష్ణ కరకట్ట, కాలువ గట్లు, ఏటి ఇసుక, అమరావతి చుట్టుపక్కల మట్టిరోడ్లు, పల్నాటి వైపు నల్లరేగడి పొలం బాటలు: వీటిలో ఏ ఒక్కదానిలోనూ వేగం సాధారణంగా గంటకు 40 కిలోమీటర్లు దాటదు, చాలాచోట్ల 20 కూడా ఉండదు. రిజర్వు అడవిలోకి రాత్రి ప్రయాణం ఈ జాబితాలోకి రాకూడదు. అనుమతి లేకుండా అటు వెళ్లడం నేరం, శ్రీశైలం దారిలోని నల్లమల గేట్లను రాత్రివేళ మూసివేస్తారు కూడా.

ఇప్పుడు ఆగే దూరం లెక్క చూద్దాం. అడ్డంకిని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒకటిన్నర సెకను పడుతుందనీ, వదులు మట్టి మీద టైరు పట్టు (ఘర్షణ గుణకం) 0.4 ఉంటుందనీ అనుకుంటే, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో బండి ఆగడానికి సుమారు 12 మీటర్లు కావాలి. 40లో సుమారు 32 మీటర్లు, 60లో 60 మీటర్లు, 80లో 96 మీటర్ల దాకా అవసరం. వేగం రెట్టింపైతే దూరం రెట్టింపు కన్నా చాలా ఎక్కువ పెరుగుతుందన్న సంగతి ఈ అంకెల్లోనే కనిపిస్తుంది. కంపెనీ బిగించిన హెడ్‌లైట్ల డిమ్ వెలుగే సరిగ్గా సర్దుకుని ఉంటే 50 మీటర్ల ప్రాంతం దాకా చేరుతుంది. కనుక కరకట్ట మీద 20లో నడిచే బండికి లోపించేది దూరపు వెలుగు కాదు, పక్క వెలుగు. గట్టు అంచు ఎక్కడ విరిగిపోయిందో, ట్రాక్టరు చాళ్లు ఎంత లోతున్నాయో, మలుపు లోపలివైపు గేదెలు నిలబడి ఉన్నాయో లేదో కనిపించాలి. అర కిలోమీటరు దూరంలోని తాటిచెట్టు తల వెలిగితే చూడడానికి బాగుంటుందే తప్ప స్టీరింగు పట్టుకున్నవారికి దానితో పని లేదు.

రెండవ మెట్టు: వెలుగు ఆకారం

అదనపు దీపాలను వాటి వెలుగు పరుచుకునే తీరును బట్టి నాలుగు రకాలుగా చూడవచ్చు. స్పాట్ లైటు పది డిగ్రీల అటూ ఇటూ సన్నని ధారగా వెలుగును దూరం తోస్తుంది. విశాలమైన చదును నేల మీద వేగంగా నడిపేవారికి అది ఉపయోగం. డ్రైవింగ్ లైటు హెడ్‌లైటు బ్రైట్‌కు తోడుగా కాస్త వెడల్పుతో దూరం చూపుతుంది. ఫ్లడ్ లైటు అరవై డిగ్రీలకు మించి పరుచుకుంటుంది, దగ్గరి నేలంతా వెలిగిస్తుంది, దూరం చేరదు. ఫాగ్ లైటు అడ్డంగా బాగా వెడల్పుగా, పైఅంచు గీత గీసినట్టు తెగిపోయేలా వెలుగునిస్తుంది. ఆ పైగీత ఉండడమే దాని ప్రాణం. పైన గీత లేని పసుపు దీపం పేరుకు ఫాగ్ లైటు అని అమ్మినా ఫాగ్ లైటు కాదు.

కాంబో అని పిలిచే లైట్ బార్‌లో మధ్యలో స్పాట్, చివరల ఫ్లడ్ ఉంటాయి. ఒకే దెబ్బకు రెండు పనులూ అవుతాయని దాన్ని కొంటారు గాని, దుమ్ములో స్పాట్ భాగాన్ని ఆపి ఫ్లడ్ మాత్రమే ఉంచుకునే వీలు చాలా బార్లలో ఉండదు. వేర్వేరు స్విచ్చులున్న రెండు జతల చిన్న దీపాలు అదే ఖర్చులో ఎక్కువ ఉపయోగపడతాయని నా అభిప్రాయం.

మొదటి జతగా వెడల్పాటి ఫాగ్ దీపాలు తీసుకోండి. రెండవ జత అవసరమైతే అద్దం స్తంభాల మొదట్లో, బానెట్ వెనక మూలల దగ్గర, బయటివైపు 30 నుంచి 45 డిగ్రీలు తిప్పి బిగించే చిన్న ఫ్లడ్ దీపాలు ఎంచుకోండి. కాలువ గట్టు మలుపులో ముందు దీపాలు నీళ్ల మీదికి చూస్తున్నప్పుడు దారిని చూపేవి ఈ పక్కదీపాలే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద సింగ్ నగర్‌ను ముంచెత్తినట్టు, కరెంటు లేని నీటిలో మనుషులను బండి ఎక్కించవలసి వచ్చే సందర్భాల్లోనూ పనికొచ్చేది బండి చుట్టూ పడే ఇలాంటి దగ్గరి వెలుగే.

మూడవ మెట్టు: డబ్బు ఇచ్చే ముందే చట్టం చూసుకోవడం

ఈ భాగాన్ని చాలామంది చివరికి వదిలేస్తారు, కాబట్టి ముందే చెబుతున్నాను. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 111వ నియమం ప్రకారం అసాధారణ పరిస్థితుల్లో రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి ఉంటే తప్ప వాహనం ముందు భాగాన స్పాట్ లైటు గాని సెర్చ్ లైటు గాని బిగించకూడదు. ముందు దీపాల వెలుగు ఎదుటివారి కళ్లు చెదరగొట్టకుండా కిందికి వంగి ఉండాలని 106వ నియమం చెబుతుంది. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం వాహన యజమాని చట్టవిరుద్ధంగా చేయించిన ఒక్కో మార్పుకు ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల జరిమానా లేదా రెండూ పడవచ్చు. దీపాలు బిగించడానికని బంపరు ముందు ఇనుప చట్రం, అంటే బుల్ బార్, వేయించే ఆలోచన ఉంటే మానుకోండి. వాటిపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. పైగా ఆ బార్లు ప్రమాద సమయంలో ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ల పనికి అడ్డు రావచ్చు.

దీపాల మీద నల్లటి మూత వేస్తే సరిపోతుందని కొందరు అంటారు. నియమం మాట్లాడేది వెలిగించడం గురించే కాదు, బిగించడం గురించి. అందువల్ల ఆచరణలో మేలైన దారి ఇది: కంపెనీ ఫాగ్ లైటు గూటిలోనే కూర్చునే, ఆమోద ముద్ర ఉన్న ఫాగ్ దీపాలను శాశ్వతంగా ఉంచుకోవడం, మిగతా దీపాలను రెండు బోల్టులూ ఒక ప్లగ్గూ తీస్తే ఊడివచ్చేలా అమర్చుకుని సొంత స్థలంలోనో ఆఫ్‌రోడ్ ట్రాక్ దగ్గరో మాత్రమే బిగించుకోవడం. అనుమతి విషయంలో సందేహం ఉంటే దుకాణదారుని మాట కాక రవాణా శాఖ కార్యాలయంలో అడిగిన మాట నమ్మండి. జాతీయ రహదారి మీద ఎదురుగా వచ్చే లారీ డ్రైవరుకు కళ్లు కనిపించకుండా చేసే దీపం మనకూ ప్రమాదమే.

నాలుగవ మెట్టు: డబ్బా మీది అంకెలు చదవడం

దీపం డబ్బా మీద పెద్దగా కనిపించేది ల్యూమెన్ల సంఖ్య. అది దీపం నుంచి అన్ని దిక్కులకూ వెలువడే మొత్తం వెలుగు కొలత. చౌక దీపాల మీద చాలావరకు లోపలి ఎల్ఈడీ చిప్పుల సిద్ధాంత సామర్థ్యాన్ని చిప్పుల సంఖ్యతో హెచ్చించి అచ్చు వేస్తారు. అద్దంలో, రిఫ్లెక్టర్‌లో పోయే వెలుగు, వేడెక్కాక తగ్గే వెలుగు ఆ లెక్కలోకి రావు. దూరపు దీపానికి చూడవలసినది కాండెలా, అంటే ఒక దిక్కులో వెలుగు తీవ్రత. నేల మీద పడే వెలుగుకు కొలత లక్స్. కాండెలా సంఖ్యను దూరం వర్గంతో భాగిస్తే లక్స్ వస్తుంది: 10,000 కాండెలాల దీపం 100 మీటర్ల దగ్గర ఒక లక్స్ ఇస్తే, 200 మీటర్ల దగ్గర పావు లక్స్ మాత్రమే ఇస్తుంది. అదే ఒక లక్స్‌ను 200 మీటర్ల దగ్గర పొందాలంటే 40,000 కాండెలాలు కావాలి.

ఈ లెక్క తెలిస్తే ఒక మాయ బయటపడుతుంది. ఒక తయారీదారు తన దీపం చేరే దూరాన్ని ఒక లక్స్ దగ్గర చెబుతాడు, ఇంకొకడు పావు లక్స్ దగ్గర చెబుతాడు. పావు లక్స్ అంటే దాదాపు పున్నమి వెన్నెల. ఒకే దీపానికి రెండవ పద్ధతిలో దూరం సరిగ్గా రెట్టింపు కనిపిస్తుంది. రెండు దీపాలను పోల్చేటప్పుడు రెండూ ఒకే లక్స్ కొలతలో ఉన్నాయో లేదో చూడండి. ఆ కొలత ఎక్కడా రాయని దీపాన్ని దూరం పేరుతో కొనకండి.

దీపం అద్దం మీద వృత్తంలో ఇంగ్లీషు E అక్షరం, పక్కన దేశం సంఖ్య ఉంటే ఐరోపా ఆమోదం. ఎస్ఏఈ జే583 అని ఉంటే అమెరికా ఫాగ్ దీపాల ప్రమాణం. ఈ ముద్ర అద్దంలోనే పోతపోసి ఉండాలి గాని, అట్టపెట్టె మీద మాత్రమే ఉంటే విలువ లేదు.

ఐదవ మెట్టు: రంగు, గాలిలో ఉన్నది

రంగు గురించి జరిగే వాదనలో సగం నిజం, సగం నమ్మకం. పొగమంచును పసుపు వెలుగు చీల్చుకుపోతుందని అందరూ అంటారు. మంచు బిందువులు వెలుగు తరంగదైర్ఘ్యం కన్నా చాలా పెద్దవి కాబట్టి అవి తెలుపును, పసుపును, నీలాన్ని దాదాపు సమానంగానే చెదరగొడతాయి. అయినా పసుపు దీపం వెనక కళ్లకు హాయిగా ఉండడానికి కారణముంది: తెల్లని ఎల్ఈడీలో ఎక్కువగా ఉండే నీలం పాలు తీసివేస్తే తిరిగి కంట్లో పడే మెరుపు బాధ తగ్గుతుంది. మంచులో అసలు పని చేసేవి మాత్రం తక్కువ ఎత్తు, పైన తెగిన వెలుగు గీత. ఈ రెండూ లేని పసుపు దీపం మంచులో తెల్లదానికన్నా గొప్పగా ఏమీ ఉండదు.

పొగ సంగతి వేరు. పొగ రేణువులు చాలా సన్నవి కాబట్టి నీలం వెలుగును నిజంగానే ఎక్కువ చెదరగొడతాయి. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున కాలువల మీది మంచు, పొలాల్లో తగలబెట్టిన గడ్డి పొగ, భోగి మంటల పొగ కలిసి దారిని మూసేసినప్పుడు పసుపు దీపం విలువ తెలుస్తుంది. ఏటి ఇసుకలోనో ఎండాకాలపు మట్టిబాటలోనో ముందు బండి లేపిన దుమ్ము వెనక నడుస్తున్నప్పుడు కూడా, పైకప్పు మీద వెలిగే తెల్లని బార్ కళ్ల ముందు తెల్ల తెర కట్టినట్టు చేస్తుంది. ఆ సమయంలో పైదీపాలన్నీ ఆపి, బంపరు దగ్గరి పసుపు జత మాత్రమే ఉంచాలి.

వెలుగు రంగుకు కొలత కెల్విన్. కొనేటప్పుడు పసుపు దీపానికి 3,000 కెల్విన్ ప్రాంతం, తెల్లదానికి 5,000 చుట్టుపక్కల చూసుకోండి. 6,500 దాటిన నీలి తెలుపు దుకాణంలో గొప్పగా మెరుస్తుంది గాని, ఎర్రమట్టి, గోధుమరంగు ఇసుక, ఎండుగడ్డి అన్నీ దాని కింద ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. ఇంకొకటి గమనించవలసినది నేల రంగు. కృష్ణ ఇసుక మీద పట్టపగలులా కనిపించిన దీపమే, తడిసిన నల్లరేగడి మీద సగం వెలుగు తిన్నట్టు మందంగా ఉంటుంది. ఆ మట్టి వెలుగును తిరిగి పంపదు. పల్నాటి వైపు వానాకాలంలో ఎక్కువగా తిరిగేవారు దీపాన్ని ఇసుకలో పరీక్షించి తృప్తిపడకూడదు.

ఆరవ మెట్టు: ఎక్కడ బిగించాలి

దీపం కంటి ఎత్తుకు ఎంత దగ్గరగా ఉంటే గుంటల నీడలు అంత చిన్నవవుతాయి. పైకప్పు మీది బార్ వెలుగు మన చూపు వెంటే ప్రయాణిస్తుంది గనుక చాళ్ల లోతు కనిపించకుండా నేల బల్లపరుపుగా అనిపిస్తుంది. దీపం కిందుంటే ప్రతి గుంతకూ పొడవాటి నీడ పడుతుంది, లోతు తెలుస్తుంది. దుమ్ములోనూ మంచులోనూ కింది దీపం గెలవడానికి కారణం కూడా ఇదే, తిరిగి వచ్చే వెలుగు మన చూపు దారిలో తక్కువగా పడుతుంది. పైకప్పు బార్‌కు ఇంకా కొన్ని దోషాలున్నాయి: బానెట్ మీద పడే వెలుగు కంట్లో కొడుతుంది, గాలి ఈలవేస్తుంది, పురుగులన్నీ ముందద్దం మీదికి చేరతాయి.

అలాగని మరీ కిందికి దించకూడదు. నేలకు 60 నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తు ఫాగ్ దీపాలకు మంచిది. అంతకన్నా దిగితే రాయి దెబ్బ, బురద దెబ్బ రెండూ తప్పవు. రేడియేటరు ముందు గ్రిల్‌ను దీపాలతో మూసేయకండి. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే విజయవాడలో, ఇసుకలో తక్కువ గేరులో లాగుతున్న ఇంజనుకు ఆ గాలి చాలా అవసరం. కొత్త బండ్లలో గ్రిల్ వెనక ముందు వాహనాలను పసిగట్టే రాడార్ ఉంటే దాని ముందు ఏదీ ఉండకూడదు.

ఏడవ మెట్టు: నీరు, వేడి, కుదుపు

నీరు, దుమ్ము తట్టుకునే శక్తిని ఐపీ అంకెలు చెబుతాయి. ఐపీ67 అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని, ఐపీ69కే అంటే అధిక పీడనంతో వేడినీళ్లు కొట్టినా లోపలికి చేరవని అర్థం. వేడిగా వెలుగుతున్న దీపం చల్లటి నీటిలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని చిన్న సందులోంచి నీటిని పీల్చుకుంటుంది. మంచి దీపాల్లో దీనికోసమే గాలిని మాత్రం పోనిచ్చే చిన్న పొర ఉంటుంది. అది ఉందో లేదో అడగండి. ఎల్ఈడీకి వేడి శత్రువు: వెనక అల్యూమినియం రెక్కలు పలచగా, తేలికగా ఉన్న దీపం వెలిగించిన కొన్ని నిమిషాలకే మందగిస్తుంది. కొనే ముందు పావుగంట పైగా వెలిగించి చూడనివ్వని దుకాణంలో కొనకపోవడం మేలు. అదే సమయంలో బండిలో ఎఫ్ఎం రేడియో పెట్టి వినండి. దీపం వేయగానే గరగర వస్తే లోపల ఎల్ఈడీకి కరెంటు సర్దే డ్రైవర్ సర్క్యూట్ నాసిరకమని అర్థం.

ఎనిమిదవ మెట్టు: వైరింగు

దీపాలు మంచివై, వైరింగు చెడ్డదైతే బండి తగలబడే అవకాశం కూడా ఉంది. లెక్క సులభం: మొత్తం వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఒక్కొక్కటి 60 వాట్ల దీపాల జత అంటే 120 వాట్లు, పది ఆంపియర్లు. దీనికి 15 ఆంపియర్ల ఫ్యూజు, 40 ఆంపియర్ల రిలే (స్విచ్చు నుంచి వచ్చే చిన్న కరెంటుతో దీపాల పెద్ద కరెంటును కలిపే పరికరం) సరిపోతాయి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే దాన్ని ఆపేది ఏదీ ఉండదు.

వైరు మందం విషయంలో పొదుపు చేయకండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో పది ఆంపియర్లు పంపితే, నాలుగు మీటర్ల దూరం వెళ్లి తిరిగి వచ్చేసరికి దాదాపు 0.6 వోల్టు పోతుంది. అదే 4 చదరపు మిల్లీమీటర్ల వైరులో నష్టం 0.4 లోపే. హాలోజన్ దీపమైతే ఆ కాస్త వోల్టేజి తగ్గినా వెలుగు బాగా పడిపోతుంది. ఎర్త్ వైరును పెయింటు గీకిన ఛాసిస్ మీదనో నేరుగా బ్యాటరీ నెగటివ్‌కో లగ్గు (వైరు చివర వేసే లోహపు ఉంగరం) వేసి బిగించండి. వైర్లు మెలితిప్పి టేపు చుట్టే పద్ధతి మొదటి వానకే పచ్చబడుతుంది. క్రింప్ చేసి, అంటే లోహపు గొట్టంలో నొక్కి బిగించి, జిగురున్న స్లీవు వేడిచేసి మూయించాలి.

రిలే నాలుగు కాళ్లలో 30కి బ్యాటరీ, 87కు దీపం, 85కు ఎర్త్, 86కు స్విచ్చు. ఆ స్విచ్చు కరెంటు కోసం హెడ్‌లైటు వైరు కోసి కలపమని చెప్పేవారున్నారు. కంప్యూటరు నడిపే నేటి బండ్లలో అలా చేస్తే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరికలు వస్తాయి, వారంటీకి పేచీ వస్తుంది. లోపలి ఫ్యూజు పెట్టెలో ఇగ్నిషన్‌తో పనిచేసే గూటికి ఫ్యూజు ట్యాప్ (వైరు కోయకుండా ఫ్యూజు గూటి నుంచే అదనపు వైరు తీసే ప్లగ్గు) పెట్టి తీసుకోవడమే మంచిది. ఇంజను ఆపి దీపాలు వెలిగించేవారు ఇంకో లెక్క వేసుకోవాలి: 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీని సగం దాకానే వాడాలనుకుంటే, పది ఆంపియర్ల దీపాలు మూడు గంటలే.

తొమ్మిదవ మెట్టు: సర్దుబాటు

చదునైన సిమెంటు నేల మీద, గోడకు పది మీటర్ల దూరంలో బండి నిలపండి. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరు సీటులో మనిషిని కూర్చోబెట్టి, మామూలుగా మోసే సామాను వెనక ఉంచండి. వెనక బరువు పడితే ముందు దీపాలు పైకి లేస్తాయి, అందుకే ఖాళీ బండిలో చేసిన సర్దుబాటుకు అర్థం లేదు. దీపం మధ్యభాగం నేలకు ఎంత ఎత్తో కొలిచి గోడమీద గీత గీయండి. ఫాగ్ దీపం పైఅంచు ఆ గీతకు 20 సెంటీమీటర్లు కింద పడాలి. డ్రైవింగ్ లైటు మధ్య మెరుపు గీత మీదనో కొద్దిగా కిందనో ఉండాలి. పక్కదీపాలను గోడతో కాక నేలమీద చూసి, ముందు దీపాల వెలుగు అంచుతో కొంచెం కలిసేలా తిప్పుకోండి. మధ్యలో చీకటి పట్టీ మిగలకూడదు.

బోల్టులు బిగించాక నట్టు మీదుగా పెయింటు మార్కరుతో ఒక గీత గీసి ఉంచండి. మొదటి మట్టిదారి ప్రయాణం కాగానే ఆ గీత విరిగిందేమో చూస్తే ఏది వదులైందో రెంచి లేకుండానే తెలుస్తుంది. సూర్యలంక, హంసలదీవి వైపు సముద్రపు ఇసుకలో తిరిగి వచ్చినవారు దీపాల వెనక రెక్కల్లోని బురదను, బ్రాకెట్లను మంచినీళ్లతో కడిగి, అల్యూమినియం దీపంలో స్టీలు బోల్టు కూర్చునేచోట తుప్పు నిరోధక గ్రీజు రాయాలి, లేకపోతే తరువాతి సర్దుబాటు రోజున ఆ బోల్టు విప్పడానికి రాదు.